రాత్రి రెండింటికి, సోహార్‌లో

రోజూ రాత్రి రెండింటికి సర్వర్ చచ్చిపోతుంది.
మెమరీ ఎవరు తిన్నారో లాగ్ చెప్పదు;
ఊపిరాడక ఎవర్ని చంపిందో మాత్రం రాసిపెడుతుంది.

పోర్టు గేటు పాసులు, పదమూడేళ్లవి,
నాలుగు కోట్ల చిన్న చిన్న ఫైళ్లు.
బ్యాకప్ ఒక్కోదాని గడప తొక్కి వస్తుంది.
కెర్నల్ లోపలిది చదవదు,
పేరూ చిరునామా మాత్రం
మళ్లీ అడుగుతారేమోనని పట్టుకు కూర్చుంటుంది.
మస్కట్ నుంచి ర్యామ్ తెప్పిస్తే
రెట్టింపు పేర్లు పట్టుకుంది.

ఇవాళ ఒక్క లైను రాశాను:
చూసినవి చూసినట్టు వదిలెయ్.
గ్రాఫు, గోడ దిగే పిల్లిలా, కిందికొచ్చింది.

తలుపు తీయగానే ఉక్కకి కళ్లద్దాలు మూసుకుపోయాయి.
"అయిందా, ముకుందం సాబ్?"
మసకలోంచి కాపలా అతను.
ఆరేళ్లుగా టీ పోస్తున్నాడు నాకు.
అద్దాలు తుడుస్తూ,
తుడుస్తూ
అతని పేరు వెతుకుతున్నాను.