పల్లేరుకాయ

ద్వారకానగర్‌లో హోటలు, రెండో అంతస్తు హాలు.
ఏసీ పదహారు మీద పెట్టారు, ఆ వాతావరణం రావాలట.
కింద మే నెల. తారు కరిగి చెప్పుకి అంటుకుంటోంది.
ట్రావెల్స్ కుర్రాడు మైకులో అరిచాడు:
"గనగళ్ల నూకరాజు గారు! దక్షిణ ధ్రువంలో పద్నాలుగు నెలలు!"
ధ్రువం కాదు నాయనా, ఒడ్డు.
ధ్రువానికి అక్కణ్ణించి ఇంకా రెండు వేల కిలోమీటర్ల పైమాటే.
నేను జనరేటర్ల మెకానిక్‌ని.
అప్పటికే చప్పట్లు కొట్టేశారు.

సీటు పదిహేను లక్షలు, జీఎస్టీ వేరు.
ముందు వరసలో లాసన్స్‌బే కాలనీ దంపతులు,
కంటి డాక్టరమ్మ, షిప్‌యార్డులో రిటైరైన పెద్దాయన.
మంచివాళ్ళే. శ్రద్ధగా రాసుకుంటున్నారు.
సిగ్నల్ ఉంటుందా?
ఉల్లి వెల్లుల్లి లేని భోజనం దొరుకుతుందా?
పెంగ్విన్‌ని ముట్టుకోనిస్తారా?
వెనక నుంచి ఒకాయన, గ్లాసు ఎత్తినట్టు చెయ్యెత్తి:
"వేల ఏళ్ళనాటి మంచుముక్క విస్కీలో వేస్తే
చిటపటలాడుతుందట, నిజమేనా?"

నిజమే సార్.
అందులో ఇరుక్కున్న గాలి బయటపడే చప్పుడది.
ఈ ఊరికి పేరు పెట్టకముందు వీచిన గాలి.
నేనూ విన్నాను, గ్లాసులో కాదు, స్టీలు గిన్నెలో,
హుద్‌హుద్ మా ఊరి మీద పడిన రోజు.
అక్కడ ఆ పూట ఆకు కదల్లేదందామంటే
ఆకనేదే లేదు.
ఇక్కడ జాలరిపేటలో మా ఇంటి రేకులు లేచి
ఏ కొండెక్కాయో తెలీదు.
తొమ్మిది రోజులు ఫోను కలవలేదు.
లోకం చివర నా జనరేటర్లు గుర్రుమంటూ తిరుగుతున్నాయి,
వెచ్చటి గది, నెయ్యేసిన ఉప్మా.
ఊళ్ళో చీకటి.
ఇది వాళ్ళకి చెప్పలేదు. స్లైడు లేదు.

చెప్పింది పల్లేరుకాయ గురించి.
ఓడ దిగేముందు అందరి సామానూ వెతికారు.
జోర్హాట్ పిల్ల, జీవశాస్త్రం, కంటికి భూతద్దం,
నా సంచి పట్టీ కుట్టులోంచి పట్టకారుతో లాగింది
రుషికొండ ఇసుక ఓ చిటికెడు,
ఎండిన పల్లేరుకాయ ఒకటి.
"దీన్నెక్కడికి తీసుకెళ్తున్నావు భయ్యా?"
నేను తీసుకెళ్ళడమేంటి,
చిన్నప్పుడు అరికాల్లో దిగినట్టే
అదే నన్ను పట్టుకుని వచ్చింది.
దానికో కవరు, దానికో నంబరు.
నన్నెక్కించుకున్నప్పుడు కూడా అంత జాగ్రత్త పడలేదు.

రాయి తేకూడదు, ఈక తేకూడదు.
మా దొడ్డి డ్రమ్ములక్కూడా లేబులంటించి వెనక్కి తెచ్చాం.
హాల్లో నవ్వారు.
అక్కడో బండ మీద ఎర్రటి చుక్కలు చూసి ఆగిపోయాను,
అచ్చం కైలాసగిరి రాయి.
ఒకప్పుడు రెండూ ఒకే ముద్దంట, జియాలజీ సార్ అన్నాడు,
తర్వాత సముద్రం మధ్యలో వచ్చి కూర్చుందట.
తోడబుట్టినదాన్ని తట్టినట్టు ఓసారి తట్టి వచ్చేశాను
గ్లౌజు తియ్యకుండానే.

ఓ డబ్బా డీజిల్ నా చేతిలోంచే ఒలికింది. అదీ చెప్పలేదు.
చాపంత నల్లమచ్చ.
మూడు రోజులు పారతో తవ్వి ఎత్తాను,
నాలుగో రోజు కూడా వాసన.
వీళ్ళని ఏమనను?
వీళ్ళు డబ్బిచ్చి వెళ్తారు, నాకు డబ్బిచ్చి పంపారు.
కవరులో రెండు వేలు పెట్టిచ్చారు.
శాలువా కూడా కప్పారు, మే నెలలో.

రాత్రి డ్యూటీ. ఫిషింగ్ హార్బరు, ఐసు ఫ్యాక్టరీ.
తెల్లారగట్ల మూడున్నరకి బోట్లు తగిలాయి.
దిమ్మ జారి మరలో పడి నుగ్గవుతోంది,
అమ్మోనియా ఘాటు, వంజరాల తెరిచిన కళ్ళు.
ఈ మంచుకి వయసు లేదు. నిన్నటి కుళాయి నీళ్ళు,
మధ్యాహ్నానికి మళ్ళీ నీళ్ళు.
పోలమ్మ గంప దించి అడిగింది:
"అక్కడ మంచు ఊరికే దొరుకుద్దంట గదేటి?"
ఊరికే.
"మరాళ్ళు అన్నేసి లచ్చలెట్టి ఎల్లి ఏటి సేత్తారు?"
చూస్తారు పిన్నీ.
"సూసి?"

మర అంత చప్పుడు చేస్తోంది కదా,
వినపడనట్టు
ఇంకో దిమ్మ తోశాను.