ఎర్రేరా

నకిరేకల్ దాటినంక కుష్టు దవాఖాన గేటు కాడ
మా నాయిన కొలిమి.
మంచాల పట్టీలు, తలుపు బందులు,
వేళ్ళు లేనోళ్ళ అరచేతికి తగిలించేటట్టు
వంపు తిప్పిన గరిటెలు
అన్నీ ఆడనే అయ్యేవి.

స్పెయిన్ నుంచొచ్చిన సిస్టరమ్మ ఒకామె ఉండేది.
ఎండకు మొఖం కందితే
ఊరంతా ఎర్ర సిస్టరని పిల్చింది.
ఇంటిపేరేందమ్మా అంటే
"ఎర్రేరా" అన్నది.

నాయిన సుత్తె ఆపి పక్కున నవ్విండు.
సలాక నిప్పుల్ల పెట్టి
తిత్తి కాడున్న నన్ను దినాం అడిగే మాటది.
ఎర్రగయ్యిందారా అన్నది
పొగల నమిలి నమిలి
"ఎర్రేరా?"
నేను "ఇంకా కాలే" అనాలె.

ఆమె కూసొని
బొగ్గుముక్కతోటి బండ మీద రాసింది.
ముందల ఒక హ ఉంటదట, రాస్తరట, పలకరట.
అంతకు ముందు ఆ జాగల ఫ ఉండెనట.
ఎన్ని వందల ఏండ్ల నోళ్ళల్లనో అరిగి
ఉత్త ఊపిరై, ఆ ఊపిరి గూడ ఆగి
గీత మాత్రం మిగిలిందట.
"అర్థమేంది?"
"ఇనుము కాల్చే చోటు."

నాయిన నవ్వలే ఈసారి.
"మాది గూడ గదేనమ్మా. కొలిమోళ్ళం."

మొదాల మాదీ కొలిమి గాదు.
ముత్తాత తాత కిష్ణ ఒడ్డు నుంచి
సమ్మెట భుజానేసుకొని వచ్చిండట.
ఏ ఊరో, ఏ పేరో.
పట్వారి కలం ముంచి "ఎవరోళ్ళురా" అంటే
పక్కోడెవడో చెప్పిండు
గా కొలిమి కాడోళ్ళని.
సిరా ఆరేటాలకు పాతపేరు పోయింది.

ఆమెకూ ఎరుక లేదు
ఊరి పేరు వాళ్ళకొచ్చిందో
వాళ్ళ పేరు ఊరికి పోయిందో.
వాళ్ళ నాయిన రేవుల టికెట్లు చింపేటోడు.
ఇనుము ముట్టినోడు
ఇంట్ల ఎవ్వరికీ యాదికి లేడు.
నన్ను జరగమని తిత్తి గుంజింది ఒక్కసారి.
నిప్పు లేచి ఆమె కొంగు సగమంత కాల్చింది.

ఆ ముసురుకాలం ఆమె పోయింది.
దవాఖాన వెనకాల పూడ్చిండ్రు.
శిలువ నాయిననే కొట్టిండు
బండి పట్టా కరగదీసి.
అక్షరాలు తెలుగుల, నేను గీసిస్తే, ఉలితోటి.
ఎర్రేరా.
పెద్ద సిస్టరొచ్చి ఒక అక్షరం తక్కువుందన్నది.
"పలకనిదాన్ని ఎట్ల కొట్టాలె?"
అన్నడు గాని
చూసినోళ్ళకు తెలుస్తది,
పేరుకు ముందల
ఒక అక్షరమంత జాగా ఇడిచిపెట్టిండు.

ఇప్పుడు నాది వెల్డింగ్ దుకాణం, బైపాస్ మీద.
బోర్డు మీద కె. సోమాచారి.
పట్టాదారు పాసుబుక్కుల కె., ఆధారుల కె.
మొన్న పిల్ల బడి ఫారం నింపుకుంట
కె అంటే ఏంది బాపూ అన్నది.
చెప్పబోతుంటే
ట్రాక్టరు హిచ్ ఇరిగిందని ఎవడో వచ్చిండు.
గ్యాసు ముట్టిచ్చి, అద్దాలు పెట్టుకొని
నీలం మంట పట్టిన.
నాకు తెల్వకుంటనే నోట్లకెళ్ళి వచ్చింది
"ఎర్రేరా?"

తిత్తి లేదు, దాన్ని గుంజే పొలగాడు లేడు.
గల్ల కాడ పెన్ను పట్టుకొని
పిల్ల ఇటు చూసింది.
"ఇంకా కాలే."