పళ్ళెంలో ముప్పై ఒకటి

మోంతెవిదేయోలో జూలై అంటే చలికాలం.
మట్టిరంగు నది మీది గాలి
పశువైద్య కళాశాల కిటికీల్ని రాత్రంతా తడుతుంది.
తెల్లారకముందే వచ్చి ఆవిరిపెట్టె మూత తీస్తాను.
వెచ్చగా ఉంటాయి పనిముట్లు,
అప్పుడే పెట్టిన గుడ్లలాగా.

నా పేరు నేలిదా.
ఇరవై రెండేళ్ళుగా వీటిని కడుగుతాను, లెక్కపెడతాను,
చెయ్యి చాచినప్పుడు అందిస్తాను.
కోసేది నేను కాదు.

తిసోన్ అంటే కొరకంచు. పదకొండేళ్ళ నల్ల కుక్క,
మూతి మాత్రం బూడిదయింది.
కుడిచెవి పైన, పుర్రె మీద, నిమ్మకాయంత బుడిపె.
స్కానింగులో చూస్తే పేలాల ఉండ.
ఎముకే తన హద్దు మరిచి
సగం బయటికి, సగం లోపలికి పొంగింది.
లోపలి సగానికి కుక్క
గుమ్మం అనుకుని గోడలోకి నడుస్తోంది.

దాని మనిషి విల్మార్ తెచేరా, పడవల వడ్రంగి.
సంతకానికి కలమిస్తే పుచ్చుకోలేదు.
"ముందు పనిముట్లు చూపించండి."
అట్లా అడిగినవాళ్ళు ఇదివరకు లేరు.
డాక్టర్ ఇరురేతా నావైపు చూశాడు.
ఇంకా ఆవిరిపట్టని పళ్ళెం తెచ్చి పరిచాను.

ఇది ఎముక మీంచి కండని ఒలిచేది,
బత్తాయి తొక్కలాగా, చిరగకుండా.
ఇది డ్రిల్లు. మూతపడ్డ పళ్ళ డాక్టరు సామాన్ల వేలంలో కొన్నాం.
పక్కన ఒకరు నీళ్ళు చుక్కలు వెయ్యకపోతే
ఎముక మాడిన వాసనొస్తుంది. ఆ ఒకర్ని నేనే.
ఇది చిలకముక్కు. గింజ గింజా కొరుకుతుంది.
ఆ గింజల కింద ఒక పొర, ఉల్లిపొర కన్నా కాస్త మందం,
దాని కింద మీకు తెలిసిన కుక్క.
ఇది మైనం. ఎముక రక్తం కారితే వేలితో మెత్తుతాం.

మైనం దగ్గర తలూపాడు. "పడవకీ అంతే."

గోటితో పోయేది కాదు,
గొడ్డలికి అప్పగించేదీ కాదు.
ఆ రెంటికీ మధ్య దూరమంతా
ఈ పళ్ళెంలో, ముప్పై ఒక్క ఉక్కు ముక్కలు.

చివర ఉన్న చిన్న ఉలిని చేతిలోకి తీసుకున్నాడు.
బొటనవేలి గోటి మీద అంచు ఆనించాడు. జారింది.
"దీన్నెవరు నూరారు?"
ఎవరం పలకలేదు.
సాయంత్రం తన సానరాయితో మళ్ళీ వచ్చి
నా గదిలో గంటన్నర కూర్చున్నాడు.
మాతే కలిపి పెట్టాను, చల్లారిపోయింది.
ఆ తర్వాతే సంతకం.
సంతకం వంకర. ఉలి అంచు తిన్నన.

అయిదు గంటలు.
కుట్టబోయే ముందు లెక్కపెట్టాను: ముప్పై.
మళ్ళీ పెట్టాను: ముప్పై.
డాక్టరు సూది గాలిలో ఆగింది.
గుడ్డలు దులిపాం, నేల చూశాం, నా జేబు కూడా.
గిన్నెలో ఉంది ఉలి, పెకలించిన బుడిపె కింద,
దాన్ని వీపున మోస్తున్నట్టు.

టైటానియం జల్లెడకి మా దగ్గరా డబ్బు లేదు, ఆయన దగ్గరా లేదు.
కండని లాగి కప్పాం.

సెప్టెంబరులో వచ్చారు ఇద్దరూ.
తిసోన్ గుమ్మంలోంచే వచ్చింది, భుజం కాస్త రాసుకుంటూ.
మళ్ళీ మొలవొచ్చు, అన్నాడు డాక్టరు. ఏడాదికో, రెండేళ్ళకో.
విల్మార్ ఏమీ అనలేదు.
కుక్క తల మీది గుంటలో బొటనవేలు పెట్టి
సీలకి చిల్లు చూసుకున్నట్టు లోతు చూశాడు.
తర్వాత నన్నడిగాడు:
"ఉలి మొద్దుబారిందా?"

బారలేదు.
అయినా తెచ్చి ఇచ్చాను.