నిలబడ్డ ఈత

చెరువుల ఒక వాగు కట్టిండ్రు మావోళ్లు.
నవ్వకుండ్రి, నిజమే.
పరకాల అవుతల, పత్తి చేన్లు దాటినంక
మూడెకరాల నీళ్లు, అండ్ల మూడు సిమెంటు గల్లీలు,
గల్లీకి రెండు దిక్కుల జాలి.
ఒక కొసకు గాలిబుడగలు నీళ్లను నెడుతయ్.
నీళ్లు గల్లీ దాటి, కట్ట పొంట సుట్టు తిరిగి
మల్ల అదే మూతికి వస్తయ్.
ఎటూ పోని వాగు.

అండ్ల పంగస్ చేపలు
మీసాలు ముంగటికి వెట్టి ఎదురీదుతయ్ తెల్లందాంక.
టార్చి కొట్టి సూస్తే
ఉన్నకాడనే ఉంటయ్.
పగటి డ్యూటీ ముత్తిలింగం అంటడు:
"ఇరవై ఏండ్లు లారీ నడిపిన. గిట్లనే ఉండె."

మా నాయిన నీళ్ల రంగు సూసి
చేప యాడుందో చెప్పేటోడు.
నాకు ఆ కష్టం లేదు, చేప యాడుందో ఎరుకే.
కరెంటు ఎప్పుడు పోతదో, అదొక్కటే ఎరుక లేదు.

ఆరుద్ర కార్తె వానకు పోయింది.
బ్లోయర్ ఆగుడుతోనే
చెవుల నిండ కప్పలు.
జనరేటర్ హ్యాండిల్ తిప్పిన. దగ్గింది. మల్ల తిప్పిన.
"పంగస్ పైకొచ్చి గాలి పీలుస్తది, భయం లేదమ్మా"
అని సారు చెప్పి ఉండె.
సారు పదింటికొచ్చి నాలుగింటికి పోతడు.
గల్లీల నీళ్లు గచ్చు లెక్క నిలబడ్డయ్,
ఆ గచ్చు మీద నోర్లు లేసినయ్,
ఒకదాని మీద ఒకటి, తెల్లటి నోర్లు,
చప్పుడు లేని నోర్లు.

కచ్చ కట్టి దిగిన.
రొమ్ముల దాక నీళ్లు. చేతులతోని, కాళ్లతోని,
చాటతోని చెరిగినట్టు నీళ్లను చెరిగిన.
ఎంతసేపో తెల్వదు.
నడుమకు తాకుతయ్, తొడలకు తాకుతయ్,
నున్నటి ఒళ్లు, పొలుసు లేని ఒళ్లు.
మెల్లగ, ఒక్కటొక్కటే,
నా దిక్కు మొకం తిప్పినయ్.
వాగు అనుకున్నయో ఏమో నన్ను,
ఎదురీదవట్టినయ్.

రిజిస్టర్ల రాశిండు సారు:
కరెంటు లేనిది నలభై నిమిషాలు,
సచ్చినవి పదిహేడు,
డ్యూటీ జినుకల కొంరమ్మ.
నలభైయేనా అని అడిగిన.
మీటర్ అట్లనే చెప్తాంది అన్నడు.

గల్లీ అడుగు బురద పైపుతోని గుంజి
ఇయ్యాల వంకాయ మడికి పెట్టినం.
బ్లోయర్ మంచిగనే కొడతాంది.
కుడికాలుకు ముల్లు దిగిన జాగ
పసుపు పెట్టినా
సలుపుతనే ఉంది.