కాకిబంగారం మీద చుక్క

ప్రయోగశాలకి అభ్రకం బిళ్ళలు డబ్బాల్లో వస్తాయి,
రూపాయి బిళ్ళంత, గోరంత మందం.
బిల్లు చూసి మా అమ్మ నవ్వింది.
"కాకిబంగారానికా ఈ డబ్బులు?
సైదాపురంలో వాన పడితే
కాళ్ళకంటుకోని ఇంటికొచ్చేది మే."

పదకొండేళ్ళు రేకులు తీసింది ఆమె.
చిన్న కత్తి, మోకాలి మీద గోనెముక్క.
రాయిని పుస్తకం అనేవాళ్ళంట షెడ్డులో.
అక్షరం రాని ఆడోళ్ళు
పొద్దుగూకేదాకా పుటలు విప్పేవాళ్ళు,
కిలోల లెక్కన.

ఇప్పుడు నేను, నెల్లూరు బయట,
హైవే లారీలకి కిటికీ అద్దాలు సన్నగా మోగే గదిలో
అదే పుట మీద చుక్క వేసి కూర్చుంటాను.

రెండు పెప్టైడ్లు.
ఒకదానికి ధనావేశం, ఒకదానికి ఋణావేశం.
విడిగా ఉంటే రెండూ తేటే.
కలిపితే గొట్టంలో బియ్యం కడిగిన నీళ్ళు.
ఆ మసకంతా చుక్కలే, వేలకు వేలు.

పులుసు మీద నూనె తేలినట్టు అని చెప్పబోయాను,
అమ్మకి తెలిసేట్టు.
కాదు, అది అబద్ధం.
నూనె నీటికి పరాయిది.
ఇక్కడ నీటిలోంచి నీరే కాస్త పక్కకి జరిగి
నేను వేరు అంటుంది.

అంటుంది గానీ మాట మీద నిలబడదు.
పక్క చుక్క వచ్చి ఆనితే చాలు,
మధ్యలో సన్నగా ఒక మెడ మొలుస్తుంది,
మెడ లావవుతుంది,
ఆ తర్వాత ఒకటే చుక్క.
ఎవరిలో ఎవరు కలిశారని అడగడానికి ఎవరూ మిగలరు.
ఉప్పు కాస్త ఎక్కువైనా అంతే. ఇసకపల్లి గాలి తగిలితే చాలని
జోకు వేసుకునేవాళ్ళం. మళ్ళీ ఒట్టి తేటనీళ్ళు.

ఎనిమిది నెలల నోటుబుక్కు నిండా తేదీలు.
ఎదురుగా: కలిసిపోయాయి. కలిసిపోయాయి.
ఒకచోట విసుగుపుట్టి: అదే.

తొమ్మిదో నెలలో మూడోదాన్ని వేశాను,
తల నీళ్ళు కోరేది, తోక నీళ్ళంటే పడనిది.
లోపలికి పోలేదు, బయటా ఉండలేదు,
అంచున కూర్చుంది,
చల్లారే పాల మీద మీగడ కూర్చున్నట్టు.
(ఈ పోలిక మాత్రం అమ్మకి
పెద్దగా అబద్ధమాడకుండా చెప్పగలిగాను.)

ఆ సాయంత్రం రెండు చుక్కలు ఎదురయ్యాయి.
ఆనుకున్నాయి.
లారీ పోయింది, బల్ల వణికింది, అవీ వణికాయి.
కలవలేదు.
కరిముల్లా టీ పెట్టి వెళ్ళి,
చల్లారిపోయిందని తీసుకుపోయి,
మళ్ళీ కాచి తెచ్చేదాకా
కలవలేదు.

పచ్చరంగు బొట్టు వేస్తే లోపలికి రానిచ్చింది.
అదే రంగు పూసిన పెద్ద అణువుని
గడప దగ్గరే నిలబెట్టింది.

ఇంతే. ఇంతకుమించి ఏమీ చెయ్యదు.
తినదు, ఈనదు.
చావదు కూడా, అదీ చేతకాదు దానికి.
అందుకే వ్యాసంలో కణం అని రాసిన ప్రతిచోటా
వెనక్కొచ్చి, పక్కన నమూనా అని చేర్చాను.

అమ్మకి కంట్లో పొర తీసి ఇరవై రోజులు.
ఆ కన్నే ఆనించి చూసింది
నేను ఇన్ని నెలలు పట్టి వేసిన పొరని.
చాలాసేపు పలకలేదు.
"దీనికి ఆకలేస్తాదా మే?"
"లేదమ్మా."
"అయితే ఇంకా పుట్టలా."

కన్ను తీసింది. పక్కనున్న వాడేసిన బిళ్ళని
వేళ్ళ మధ్య తిప్పుతోంది.
మేమైతే టేపు అంటించి లాగుతాం, సగంసార్లు చిరుగుతుంది.
ఆమె బొటనవేలి గోరు అంచు వెతుక్కుంది,
దొరికింది,
చప్పుడు లేకుండా ఒక రేకు లేచొచ్చింది,
వెలుగులో పెడితే ఉందో లేదో తెలియనంత పలచన.

"షెడ్డులో అయితే ఇది తుక్కు" అంది.

కింద బయటపడ్డ ముఖానికి
ఇన్ని యుగాల్లో గాలి కూడా తగల్లేదు.
ఊదబోయింది, నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"వెయ్యి మరి" అంది.
వేశాను.