కొర్రలు

అనంతపురం పెద్దాసుపత్రి, ఎక్స్‌రే గది.
చీటీలో వన్నూరమ్మ, ముప్పైనాలుగు, బెళుగుప్ప.
జబ్బు పేరు రాయలేదు. మూలన ఒక నంబరు.
ఆ నంబరు ఏ గది నుంచి వస్తుందో
బెంచీ మీద అందరికీ తెలుసు.
ఆమె పక్కన ఇద్దరు కూచునే చోటు ఖాళీ.

అటెండరు గఫార్ గడప దగ్గరే ఆగి
"లోపలికి పో" అన్నాడు, చేత్తో గాలిని తోస్తూ.

గడ్డం ఈ పలక మీద పెట్టమ్మా.
చేతులు నడుం మీద. మోచేతులు ముందుకి.
ఆమెకు రాలేదు. మొదటిసారి ఎవరికీ రాదు.
భుజాలు పట్టుకుని నేనే తిప్పాను.
రెక్కల ఎముకలు ఎండుచొప్పలా
అరచేతుల్లో గుచ్చుకున్నాయి.
ముందు బిగుసుకుంది. తర్వాత మెల్లగా వదిలేసింది.
"నీ చేతులు సల్లగుండాయి సారూ" అంది.
అంతే అంది.

గాలి పీల్చు. పట్టు. కదలద్దు.
బటన్ నొక్కి, వదలమనడం మరిచాను.
పాపం, పట్టే ఉంది.

ఫిల్మును వెలుగుకు పెడితే
రెండు ఊపిరితిత్తుల నిండా సన్నటి చుక్కలు.
డాక్టరమ్మ ఏదో రాసుకుంటోంది.
వన్నూరమ్మ మెడ చాచి చూసింది:
"కొర్రలు గదా ఇవి!
రెండేండ్లు చేన్లో చల్లితే ఒగటీ మొల్సలే.
ఈడ మాత్రం సందు లేకుండా మొల్సినాయే."
నవ్వబోయింది. దగ్గయింది.

డాక్టరమ్మ పెన్ను ఆపింది.
క్షయ, అంది. మందుంది.
ముందు దీనికి, కొన్నాళ్ళకు దానికి.

ఈ మిషను రక్తంలోని పురుగును చూడలేదు.
ఎవరి నుంచి, ఏ లారీ ఎక్కి వచ్చిందని అడగదు.
ఎముకకు తెలుపు, గాలికి నలుపు,
దానికి తెలిసిన తీర్పు అదే.
ఆలస్యాన్ని మాత్రం దాచదు.
మొన్న సీటీలో గుంతకల్లు పిల్లాడి మెదడులో
ఉంగరాల్లాంటి తెల్లటి చుట్లు రెండు.
ఆ ఫిల్ము కోసం ఎవరూ రాలేదు.
నా బీరువాలోనే ఉంది.

ఆర్నెల్లకు వన్నూరమ్మ మళ్ళీ వచ్చింది.
చెప్పకముందే గడ్డం పలక మీద,
మోచేతులు తనే ముందుకి.
నాకు తాకే పని లేకపోయింది.
అయినా భుజం మీద చెయ్యేశాను,
ఏదో సరిచేస్తున్నట్టు.

"కోతలైపోయినాయా సారూ?"
అయిపోయినాయి. అక్కడొకటి, ఇక్కడొకటి,
ఎండిన గింజల మచ్చలు.

కవరు చంకలో పెట్టుకుని బయటికి నడిచింది.
బస్సుకు టైముందో ఏమో,
బెంచీ మీద, రెండు పక్కలా చోటు ఖాళీగా ఉన్న
ఒక పిల్ల పక్కన పోయి కూచుంది.