సముద్రం నుంచి కొలిస్తే

కొత్తూరు దాటినంక, తిమ్మాపూర్ రైలు గేటుకు ఇవతల
నిన్నమొన్నటి దాక కంది చేనున్న జాగల
నేను కొలకర్ర నిలవెట్టి పట్టుకున్న.
దూరంగ సర్వేయర్ సారు ఒంటికన్నుతోని చూసి
అంకె చెప్పిండు: ఆరు వందల నలభై రెండు.

ఏంది సారూ, నేనింక నేల మీదనే ఉన్న గదా అన్న.
నేల మీదుంటే ఏంది రా,
లెక్క సముద్రం కాడికెళ్లి అన్నడు.

సముద్రాన్ని నేను చూడలే.
మా నాయనా చూడలే. ఆయన బాయిలు తవ్వినోడు,
నడుముకు మోకు కట్టుకొని
గజం గజం కిందికే కొలిచినోడు.
నీళ్లు పడ్డ కాడ ఆయన లెక్క ఆగేది,
పడని కాడ అప్పు మొదలయ్యేది.
ఎంత లోతుకు దిగినా ఏ ఆఫీసూ కాయిదం అడగలే.
పైకి పోవాల్నంటేనే
ఢిల్లీ దాక అడగాలె.

విమానాల కోసం ఆకాశంల
కనవడని కప్పొకటి ఉన్నదట.
ఆ కప్పు దాక ఉన్న ఎత్తుల
మా పాలమూరు గట్టు నేల
పుట్టంగనే ఆరు వందల నలభై రెండు మీటర్లు ఖర్చు వెట్టింది.
మిగిలింది నూట ఇరవై మూడు.
అండ్లనే నీళ్ల ట్యాంకు, లిఫ్టు గది,
పిడుగు కడ్డీ, కడ్డీ మొన.
మొన మీద కాకి వాలితే ఎట్ల సారూ అన్న.
సారు నవ్వలే. అద్దం తుడుచుకున్నడు.

రోడ్డు మీది బోర్డుల నలభై రెండంతస్తులకు
రంగులేసిన్రు, మొక్కలు గీసిన్రు,
పర్మిషన్ వచ్చింది ముప్పై ఏడుకు.
ఐదంతస్తులు. ఒక్క ఎర్రసిరా గీత.
అంతస్తుకు నాలుగిండ్ల లెక్కన
ఇరవై గడపలు గాలిలనే ఉండిపోయినయి.

అండ్ల ఒకటి నర్సు సువార్తమ్మది.
మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రిల ముప్పై ఒక్కేండ్లు
కింది అంతస్తు వార్డు, ఫినాయిల్ వాసన,
కిటికీ తెరిస్తే జనరేటర్ పొగ.
అందుకనే నలభై ఒకటి కావాల్నన్నదట, తూర్పు మొఖం.
రసీదులన్నీ ఎక్స్‌రే కవర్ల వెట్టుకొని బస్సు దిగింది.

మేనేజరు చల్లటి నీళ్లిచ్చి
ముప్పై మూడు గూడ ఎత్తేనమ్మా అన్నడు.
ఆమె నీళ్లు తాగింది. కాయిదం మడిచి సంచిల వెట్టింది.
బయటికొచ్చి నన్నడిగింది:
నా కిటికీ యాడుండేది బిడ్డా, చూపియ్యి.

కొలకర్ర ఎత్తిన. అది నాలుగు మీటర్లే.
మిగిలినదంత ఏలుతోని చూపిచ్చిన.
గప్పుడే ఒక విమానం
చక్రాలు కిందికిడిసి, మబ్బు గీసుకుంట శంషాబాద్ దిక్కు.
చూడు, నా వంటింట్లకెళ్లే పోతున్నరు,
చెప్పులన్న ఇడ్వకుండ! అన్నది.

అప్పటికెళ్లి నెలకొకపారి వస్తది.
ఇసుక కుప్ప పక్కన గొడుగు ఏసుకొని కూసుంటది,
సిమెంటు పడ్డ కండ్లు కడుగుతది,
నా చెయ్యికి కుట్లు గూడ ఆమెనే ఇప్పింది.

క్రేనుకు పర్మిషన్ వేరే.
ఆరు నెలలకే, ఎర్ర దీపంతోని.
కట్టేటోడు గీత దాటొచ్చు, ఉండేటోడు దాటొద్దు.
మక్తల్ భీమశప్ప పొద్దుగాల ఏడుకు ఎక్కితే
చీకటి పడ్డంకనే దిగుతడు.
ముప్పై ఏడో స్లాబు పోసే నాటికి
ఆయన డబ్బా సరిగ్గ నలభై ఒకటి ఎత్తుల ఉన్నది.
నేనే కొలిచిన.
ఆ ఇంట్ల జొన్నరొట్టె తిన్నది ఆయనొక్కడే,
పచ్చిమిరపకాయ కొరికింది, కునుకు తీసింది ఆయనొక్కడే.

ఈ సంగతి సువార్తమ్మకు ఎందుకు చెప్పిన్నో.
వాకీటాకీ ఇయ్యమన్నది.
బటన్ ఒత్తుడు రాలే, నేనే ఒత్తిన.

గాలి ఎట్లున్నది కొడుకా?

బరబర, బరబర. భీమశప్ప గొంతు:
గాలి మంచిగనే ఉన్నదమ్మా.
ఇల్లే లేదు.

ఆమె కొంచెంసేపు వాకీటాకీని చెవికాడనే పట్టుకున్నది.
ఇంక పదకొండు రోజులల్ల క్రేను దించుతరు.
ముప్పై మూడో అంతస్తు కాయిదం
ఆ ఎక్స్‌రే కవర్లనే ఉన్నది, సంతకం లేకుండ.